నీలం తాగిన పిల్లలు

నీలమ్మకు అసహ్యం ఎక్కువ. అది పుట్టుకతో వచ్చింది. ఒకరు తాగిన గ్లాసులో నీళ్ళు తాగదు, బస్సులో కడ్డీ పట్టుకోదు, తలుపు గొళ్ళెం మోచేత్తో తీస్తుంది. తుమ్మిన మనిషి చెయ్యి చాపితే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నవ్వుతుంది. "దేవుడు దిగొచ్చినా కాళ్ళు కడుక్కుని రమ్మంటావే నువ్వు" అని వాళ్ళక్క ఎగతాళి చేస్తుంది. ఈ గుణం వల్ల ఇంట్లో తిట్లూ బయట నవ్వులూ తప్ప ఏమీ దక్కలేదు, ఈ ఉద్యోగం దొరికేదాకా.

ఉద్యోగం ఒక పెద్ద ఆసుపత్రి వెనక భవనంలో, రెండో అంతస్తులో. అక్కడ కణాలు పెంచుతారు. ఎముక క్యాన్సరు వచ్చిన మనిషి రక్తంలోంచి తెల్లకణాలు తీసి, ఆ గడ్డను గుర్తుపట్టడం వాటికి నేర్పి, కోట్లకొద్దీ పెంచి, సంచిలో పోసి గడ్డకట్టించి, సరైన రోజున మళ్ళీ ఆ మనిషికే ఎక్కిస్తారు. ఒంట్లో ఉన్న కాపలావాళ్ళే, కాకపోతే దొంగ ముఖం చూపించి మరీ పంపుతారు. ఈ పనికి చదువు కావాలి, కాదనను. కానీ చదువుకంటే అసహ్యం ఎక్కువ కావాలి. మూడు తలుపులు దాటి, మూడుసార్లు చేతులు కడిగి, తల నుంచి మడమ దాకా తెల్లటి తొడుగు వేసుకుని లోపలికి వెళ్ళాలి. అక్కడ దగ్గకూడదు, గోక్కోకూడదు, ఊరికే వాగకూడదు. ఒక వెంట్రుక రాలినా ఒక మనిషి మందు పారబోయాల్సిందే. ఇంటర్వ్యూ రోజున సూపర్వైజరు బల్ల మీద టీ మరక ఉంది. నీలమ్మ ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా రుమాలు తీసి ముందు ఆ మరక తుడిచింది. "రేపటి నుంచి వచ్చెయ్యమ్మా" అన్నాడాయన. అది జరిగి పదకొండేళ్ళు.

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. నీలమ్మ అనే పేరు పనిని బట్టి వచ్చింది. గడ్డకట్టిన కణాలను కరిగించాక ఎన్ని బతికున్నాయో చూడడానికి ఒక నీలం రంగు వాడతారు. ఒక చుక్క కణాలకు ఒక చుక్క రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెడతారు. బతికున్న కణం రంగును లోపలికి రానివ్వదు, తెల్లగా మెరుస్తూ ఉంటుంది. చచ్చినదానికి తలుపులుండవు కదా, రంగు దూరిపోతుంది. "నీలం తాగింది" అంటారు దాన్ని. తాగినవీ తాగనివీ విడివిడిగా లెక్కపెట్టి వందకు ఎన్ని బతికాయో ఫారంలో రాస్తారు. డెబ్బైకి తగ్గితే ఆ సంచి మనిషికి ఎక్కించకూడదు. మైక్రోస్కోపులో కన్ను పెట్టి "తెలుపు, తెలుపు, నీలం, తెలుపు" అని గొణుక్కోవడం ఆమెకు అలవాటు. అలా నీలమ్మ అయింది.

ఆ లెక్కకు ఒక షరతు ఉంది. రంగు కలిపాక మూడు నిమిషాలు ఆగాలి. చచ్చిన కణం కూడా వెంటనే రంగు తాగదు, కాసేపు మొహమాటపడుతుంది. ముందే చూస్తే చచ్చినవి కూడా బతికినవాటిలాగే మెరుస్తాయి. "శవానిక్కూడా మూడు నిమిషాలు గడువివ్వాలమ్మా, అప్పుడే నిజం చెబుతుంది" అని మొదటి రోజే నేర్పాడు సూపర్వైజరు. అందుకోసమే కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఒక వంటింటి టైమరు కొని తెచ్చి, మందుతో తుడిచి తుడిచి, ఆ గదిలో పెట్టాడు. దాని నడుము మెలితిప్పితే టిక్కుటిక్కుమని తిరిగి మూడు నిమిషాలకు గణగణ మోగుతుంది. పదకొండేళ్ళలో గుడ్డు మోగకుండా నీలమ్మ ఒక్క కణం లెక్కపెట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ గదిలో పనిచేసేవాళ్ళు కణాలను కణాలనరు, పిల్లలంటారు. పాలు పట్టినట్టు పూటకింత ఆహారం పోస్తారు, వెచ్చగా పడుకోబెడతారు, పెరిగాయో లేదో పొద్దున్నే చూసుకుంటారు, మరేమంటారు? "నీ పిల్లలెలా ఉన్నారు?" అని ఒకరినొకరు అడుగుతారు. "బాగున్నారు, నిన్నటికి రెండింతలయ్యారు" అంటారు. పెద్ద సీసాలోకి మారిస్తే కొత్తిల్లు అంటారు. కొత్తవాళ్ళు వింటే కంగారుపడతారు.

ఒక రోగి తండ్రి, టైలరు, అలాగే విన్నాడు. ఆయన కూతురికి పదిహేనేళ్ళు. మోకాలి పైన ఎముకలో గడ్డ వచ్చి, ఆ ముక్క తీసి లోహపు కడ్డీ వేశారు. ఏడాది తిరక్కుండా ఊపిరితిత్తుల్లో మళ్ళీ తేలింది. మామూలు మందులు చేతులెత్తేశాక ఈ కణాల వైద్యానికి పేరు రాయించారు. కూతురు లోపల పడకమీద ఉంటే టైలరు రెండు భవనాలనూ కలిపే వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. మెడలో కొలత టేపు అలాగే ఉండేది, తీసి ఇంట్లో పెట్టాలని తోచేది కాదు కాబోలు. ఒడిలో ఎప్పుడూ ఏదో కుట్టుపని. ఆపరేషన్ తర్వాత కూతురి కాళ్ళు రెండూ ఒక పొడుగులో లేవు. అది కనబడకుండా ఆమె ప్యాంట్లన్నీ ఒక కాలు ఒకలా, ఇంకో కాలు ఇంకోలా తనే చేత్తో సరిచేసేవాడు.

నీలమ్మ ఆ బెంచీ పక్కన నిలబడి ఫోన్లో, "పిల్లలు బాగున్నారు, ఇవాళ కొత్త ఇంట్లోకి మార్చాను, పాతది ఇరుకైపోయింది" అంటూంటే ఆయన విన్నాడు. మర్నాడు ఆమె కనబడగానే, "మీ పిల్లలెలా ఉన్నారమ్మా? కొత్తిల్లు అలవాటైందా?" అని అడిగాడు.

నీలమ్మకు పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. సంగతి విప్పి చెబుదామనుకుంది. కానీ ఆ మనిషి ముఖంలో, రోజంతా కూతురి జబ్బు గురించి తప్ప మరో మాట మాట్లాడని ముఖంలో, కాస్త వెలుతురు కనిపించింది. "బాగున్నారన్నా, పెరుగుతున్నారు" అంది. అబద్ధమేం కాదు. ఆ వారం ఆమె పెంచుతున్నవి ఆయన కూతురి కణాలే. ఆ రోజు నుంచి అది రోజువారీ మాటయిపోయింది. పొద్దున ఏడింటికి ఆమె వస్తుంది, ఆయన లేచి నిలబడతాడు, "పిల్లలెలా ఉన్నారమ్మా?" అంటాడు, ఆమె ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. మరకలేని మాట ఆమె రోజులో అదొక్కటే.

ఇక మరకల సంగతి. ఆసుపత్రికి ఒక పెద్దాయన ఉన్నాడు. డాక్టరే, కానీ రోగిని చూసి ఏళ్ళయింది, కెమెరాలను చూడడమే పని. పైన పటారం, లోన లొటారం. ఆయన చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి, ఎదుటివాళ్ళ భుజం మీద ఎప్పుడూ ఉంటాయి. ఈ కణాల వైద్యం పదిమందికి పూర్తయితే పెద్ద సభ పెట్టి చెప్పుకోవాలని ఆయన కోరిక. తొమ్మిదిమందికి అయింది. పదో మనిషి టైలరు కూతురు. శుక్రవారం పొద్దున పదకొండింటికి ఎక్కించడం, సాయంత్రం నాలుగింటికి సభ. ముహూర్తం ఆ పిల్ల ఒంటిని బట్టి పెట్టారా, సభను బట్టి పెట్టారా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మంగళవారం ఆయన అతిథులను వెంటేసుకుని గడ్డకట్టించే తొట్టెల గదికి వచ్చాడు. తొట్టెలు రెండు. ఒకటి కొత్తది, అద్దంలా మెరుస్తుంది. రెండోది పాతది, చుట్టూ సొట్టలు, మూతకు తుప్పు. కొత్తదాని మూత తీస్తే తెల్లటి పొగ పైకి లేస్తుంది. అతిచల్లటి ఆవిరి, చూడముచ్చటగానే ఉంటుంది. "ఆ పొగలోంచి సంచుల అర పైకెత్తమ్మా, ఫోటో బాగుంటుంది" అన్నాడు పెద్దాయన. ఆ అర ఒక్క నిమిషానికి మించి బయట ఉండకూడదు. నీలమ్మ మందపాటి గ్లవ్సు తొడుక్కుని, ముఖానికి అడ్డు పెట్టుకుని, ఎత్తింది. పై అరలో ఉన్నది టైలరు కూతురి సంచి.

"సార్, చాలు" అంది నిమిషం కాగానే.

"పొగ తగ్గిందమ్మా, ఇంకొంచెం పైకి. ఆ, అలా. ఇటు తిరుగు."

తిరిగింది. ఆరు నిమిషాలు. మనసులో గుడ్డు రెండుసార్లు మోగింది. అయినా ఆమె దించలేదు. పెద్దవాళ్ళ ముందు నోరు లేవలేదు, అంతే. దించాక సూపర్వైజరుతో చెబితే, "సంచి మీద మంచు అలాగే ఉందిగా, ఏం కాదులే" అన్నాడు. ఆ మాట నమ్మితే సుఖంగా ఉంటుంది కాబట్టి నమ్మింది. రిజిస్టరులో రాయాల్సిన మాట రాయలేదు. రాస్తే అర ఎత్తింది ఎవరో కూడా రాయాలి. మర్నాటికల్లా ఆ ఫోటో తలుపంత పోస్టరై ఆసుపత్రి ముందు హాల్లో వేలాడింది. పొగ, పొగలో మెరిసే సంచి, సంచిని ఎత్తి పట్టుకున్న రెండు చేతులు. ముఖం కనబడదు.

అప్పటికే లోపల ఆ పిల్లకు మూడురోజులుగా మందు పడుతోంది. కొత్త కణాలు నిలదొక్కుకోవాలంటే పాత కాపలా మొత్తం ఖాళీ చెయ్యాలి. జుట్టు రాలిపోయింది, నోరు పూసింది, ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. అయినా ఆ పిల్ల నోరు ఊరుకోదు. గాజు తలుపు అవతల నుంచి, "నా రక్తం తీసి నాకే ఎక్కిస్తారు, ఇంతదానికి ఇంతమందా?" అని నర్సులను ఏడిపిస్తోంది. ఆ పిల్లకు దక్కేది ఒక్క అవకాశం. సంచి ఒకసారి ఎక్కించాక, అది పనిచేసినా చెయ్యకపోయినా, రెండోది ఇవ్వరు. నియమం అది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి నీలమ్మ పరీక్ష గొట్టం కరిగించింది. సంచితోపాటే, అదే అరలో, వేలెడంత గొట్టంలో అవే కణాలు కొన్ని ఉంచుతారు. సంచి ఎలా ఉందో ముందు ఆ గొట్టం చెబుతుంది. చుక్క తీసింది, రంగు కలిపింది, గుడ్డు తిప్పబోయింది. సరిగ్గా అప్పుడు మూడో తలుపు తెరుచుకుంది.

సూపర్వైజరు. రెండేళ్ళుగా ఆయన లోపలికి రాలేదు. తొడుగు పొట్ట దగ్గర పట్టడం లేదు, ముక్కుకు కట్టిన గుడ్డ చెమటకు తడిసి అంటుకుపోయింది. పీలుస్తుంటే లోపలికి, వదులుతుంటే బయటికి. నీలమ్మ మైక్రోస్కోపుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"లే, నేను చూస్తా" అని ఆమెను పక్కకు జరిపి మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. చకచకా లెక్కపెట్టాడు. "డెబ్బై ఎనిమిది. భేష్."

"సార్, గుడ్డు తిప్పలేదు."

"తిప్పాలే."

"మోగలేదు సార్."

ఆయన వినిపించుకోకుండా ఫారం తీశాడు. రంగు కలిపిన సమయం అని ఒక గడి, లెక్కపెట్టిన సమయం అని ఒక గడి. మొదటిదాంట్లో తొమ్మిదీ పది అని రాశాడు. రెండోదాంట్లో తొమ్మిదీ పదమూడు అని రాశాడు. నీలమ్మ గోడ గడియారం వైపు చూసింది. తొమ్మిదీ పదకొండు. ఇంకా రాని సమయం ఫారంలోకి వచ్చేసి తీరిగ్గా కూర్చుంది.

ఆమె గుడ్డు తిప్పింది. అది టిక్కుటిక్కుమంటూ తిరుగుతున్నంతసేపూ ఇద్దరూ నిలబడ్డారు. మోగాక ఆమె కన్ను పెట్టింది. తెలుపు, నీలం, నీలం, తెలుపు, నీలం. ఆమె కళ్ళముందే ఇంకొన్ని నీలం తాగుతున్నాయి. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"నలభై ఒకటి."

"నాక్కనిపించింది డెబ్బై ఎనిమిది."

"నాకు నేర్పింది మీరే సార్, శవానికి గడువివ్వాలని."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. కొంచెం సేపటికి గొంతు తగ్గించి, ఎంతో దయగా మాట్లాడాడు. ఆ దయే ఎక్కువ రోత పుట్టించింది. "చూడు నీలమ్మా. ఇది ఆపితే మళ్ళీ మొదటినుంచి పెంచాలి. మూడు వారాలు. ఆ పిల్ల ఒంట్లో కాపలా అంతా ఊడ్చేశాం. ఈ మూడు వారాల్లో జలుబు చేసినా దాటడం కష్టం. ఎక్కిస్తే కనీసం ఆ నలభై అయినా లోపలికి వెళ్తాయిగా. ఏది మేలు?"

"ఎక్కిస్తే మళ్ళీ ఇవ్వరు కదా సార్. ఒక్కసారే కదా."

"అది డాక్టర్లు చూసుకుంటారు." కలం ఆమె చేతిలో పెట్టాడు. రెండో సంతకం ఆమెది. "ఇంకో మాట. ఎందుకు చచ్చాయని అడుగుతారు. అర ఎత్తింది ఎవరని అడుగుతారు. పోస్టరులో ఉన్న చేతులు నావి కాదు, పెద్దాయనవీ కాదు."

నీలమ్మ సంతకం పెట్టింది.

బయటికొచ్చి తొడుగు విప్పి చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. మోచేతుల దాకా, గోళ్ళ సందుల్లో, మండేదాకా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇది కడిగితే పోయే అడుసు కూడా కాదు. అక్కడ పక్కగదిలో సాయంత్రం సభకు కేకు వచ్చి ఉంది. ఎముక ఆకారంలో చేయించారు, పైన తెల్లటి క్రీము, మధ్యలో ఎర్రగా పది అంకె. ఎముకలో గడ్డ వచ్చిన పిల్ల పేరు చెప్పి ఎముక కేకు! పెద్దాయన ఎవరూ చూడ్డం లేదనుకుని చివర వేలితో గీరి, చప్పరించి, ఆ వేలిని కోటుకు తుడుచుకున్నాడు. నీలమ్మను చూసి తడిచెయ్యి భుజం మీద వేసి, "డెబ్బై ఎనిమిదటగా! శభాష్" అన్నాడు. ఆ భుజాన్ని అక్కడికక్కడ కోసి పారెయ్యాలనిపించింది ఆమెకు. ఆయనంటే అసహ్యం వేసింది, సూపర్వైజరంటే అసహ్యం వేసింది, అన్నిటికంటే తన కుడిచెయ్యంటే ఎక్కువ వేసింది. సంతకం చేసింది ఆ చెయ్యే, అర ఎత్తిందీ ఆ చెయ్యే.

టైము తొమ్మిదీ నలభై. వరండాలో టైలరు లేచి నిలబడ్డాడు. ఈ రోజు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. టేపు మెడలోనే ఉంది. చేతిలో చిన్న పొట్లం.

"పిల్లలెలా ఉన్నారమ్మా?" అని, ఆమె జవాబు చెప్పేలోపే పొట్లం చేతిలో పెట్టాడు. "ఏమనుకోకండి. ఇవాళ మంచిరోజు కదా అని. పాపకి టోపీలు కుట్టగా గుడ్డ మిగిలింది. మీ పిల్లలకీ కుట్టాను. వయసు తెలీదు, కొలతల్లేవు, అందుకే ఎలాస్టిక్ వేశా. ఇద్దరో ముగ్గురో తెలీక మూడు కుట్టాను."

పొట్లం విప్పింది. పసుపు మీద తెల్లచుక్కల టోపీలు, అరచేతిలో పట్టేటంత. కుట్టు ఎంత సన్నగా ఉందంటే దారం ఎక్కడుందో వెతుక్కోవాలి. నీలమ్మ బెంచీ మీద కూర్చుంది, ఎవరెవరో కూర్చున్న బెంచీ అని కూడా చూడకుండా.

"అన్నా, నాకు పిల్లల్లేరు."

ఆయనకు అర్థం కాలేదు. "అదేంటమ్మా, రోజూ..."

"మేము కణాల్ని పిల్లలంటాం. నేను రోజూ చెప్పింది మీ పాప కణాల గురించి. పెరిగారు, ఇల్లు మారారు అన్నది వాటినే. అవి... వందలో యాభై తొమ్మిది చచ్చిపోయాయన్నా. నలభై ఒకటే మిగిలాయి. డెబ్బై ఉంటేనే ఎక్కించాలి. డెబ్బై ఎనిమిదని రాశారు, దొంగలెక్క. నేనూ సంతకం పెట్టాను."

టైలరు కొలతలు అడిగే గొంతుతోనే అడిగాడు.

"ఎక్కిస్తే?"

"చచ్చినవి పోతాయి. మిగతావి చాలవు. మళ్ళీ ఇంకో సంచి ఇవ్వరు."

"ఎక్కించకపోతే?"

"మొదట తీసిన రక్తంలో కొంత దాచాం. పాత తొట్టెలో ఉంది. మళ్ళీ పెంచొచ్చు. మూడు వారాలు. ఈలోపు పాపకి ఏ చిన్న జబ్బు సోకినా ప్రమాదమే. ఆ ప్రమాదం లేదని నేను చెప్పను."

"పాతదాంట్లోవి చావలేదా?"

"దాన్ని ఎవరూ తెరవలేదు. తుప్పు పట్టింది, ఫోటోకి బాగోదని."

ఫోటో అన్న మాట దగ్గర ఆయన ఆగిపోయాడు. రోజూ హాల్లోంచే కదా వస్తాడు. ఆ పోస్టరు కింద నిలబడి, ఎవరి సంచో ఏమో అనుకుంటూ చూసే ఉంటాడు. "ఆ చేతులు..." అన్నాడు.

"నావే. ఆరు నిమిషాలు ఎత్తి పట్టుకున్నాను. దించమని చెప్పలేదు ఎవరూ. నేనూ దించలేదు."

టైలరు ఆమె ఒళ్ళోంచి పొట్లం తీసుకున్నాడు. తీసుకుంటున్నప్పుడు ఆయన వేళ్ళు ఆమె చేతికి తగిలాయి. వెంటనే ఆ వేళ్ళను చొక్కాకు తుడుచుకున్నాడు, తనకు తెలియకుండానే. ఆ తుడుపు నీలమ్మకు బాగా తెలుసు. నలభై ఏళ్ళుగా ఆమె లోకాన్నంతా తుడుచుకుంటున్నది అలాగే. తనను ఒకరు అలా తుడుచుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

ఆయన వార్డు వైపు నడిచాడు. పరుగెత్తలేదు. గాజు తలుపుకు అడ్డంగా వీపు ఆనించి నిలబడి, "మా పాపకి ఎక్కించొద్దు" అన్నాడు. అరవలేదు కూడా. నర్సులు పోగయ్యారు. వార్డు డాక్టరమ్మ వచ్చి ఏమైందని అడిగితే, నీలమ్మ ఫారం తెప్పించి, అందరి ఎదుట తన సంతకం మీద అడ్డగీత గీసి, కింద నలభై ఒకటి అని రాసి, మంగళవారం నాటి ఆరు నిమిషాలు కూడా రాసి, మళ్ళీ సంతకం పెట్టింది. డాక్టరమ్మ చదివింది. సంచిని వెనక్కి పంపించేసింది.

పెద్దాయన వచ్చేసరికి అంతా అయిపోయింది. "ఛీ, ఇన్నేళ్ళు తిండి పెట్టిన చోట ఇంత పని చేస్తావా?" అన్నాడు నీలమ్మతో. సాయంత్రం మాత్రం సభ ఆగలేదు. వేదికెక్కి, కన్ను ఆర్పకుండా, "ఈ రోజు మేం ఒక సంచిని ఆపేశాం. ఎందుకో తెలుసా? మా ప్రమాణాలు అలాంటివి!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. కేకు కోశారు. సూపర్వైజరు మోకాలి దగ్గరి ముక్క తీసుకుని, మీసానికి క్రీము అంటించుకుని, తలొంచుకుని తిన్నాడు. నీలమ్మ ఆ గదిలో నిలబడలేక వచ్చేసింది. ఆమె ఉద్యోగం మాత్రం పోలేదు. డాక్టరమ్మ రాసిన కాగితం పైకి వెళ్ళింది, పైగా ఆ పిల్లలను మళ్ళీ పెంచడానికి నమ్మకమైన చెయ్యి ఇంకోటి లేదు. పోస్టరు కూడా అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున ఏడింటికి టైలరు బెంచీ మీదే ఉన్నాడు. లేచి నిలబడలేదు. కుట్టుపని మీంచి చూపు ఎత్తకుండా అడిగాడు.

"నా పిల్లలెలా ఉన్నారు?"

"ఇవాళే కరిగించాలి. సాయంత్రం చెబుతాను."

రోజూ చివర ఉండే 'అమ్మా' లేదు. తర్వాతి రోజూ లేదు. ఆ తర్వాతా లేదు. నీలమ్మ లెక్కపెట్టింది, లెక్కపెట్టడమే కదా ఆమె పని. ఎనిమిదో రోజున ఆ పిల్లకు జ్వరం తగిలింది. మూడు రోజులు నూటమూడు. ఆ మూడు రోజులూ టైలరు పిల్లల గురించి అడగలేదు, బెంచీ మీద కూర్చోలేదు, గాజు తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆ పిల్ల పోతే ఆ మూడు వారాలు అడిగింది తనే అవుతుందని నీలమ్మకు తెలుసు. అన్నం సయించలేదు. నాలుగో రోజు జ్వరం దిగింది. లోపల్నుంచి, "ఈసారి పొగ తక్కువ, కణాలెక్కువ వెయ్యమనండి" అని ఆ పిల్ల గొంతు వినిపించింది. ఎవరో చెప్పేశారన్నమాట.

ఇరవై మూడో రోజు. కాపలా ఖాళీ చేసే మందు మళ్ళీ పడింది, కొత్త సంచి తయారైంది. నీలమ్మ పొద్దున లోపలికి వెళ్ళబోతుంటే టైలరు అడ్డం వచ్చాడు.

"ఆ గుడ్డు మోగడం నేను చూడాలి."

గదిలోకి రానివ్వరు. కానీ ఒక గోడకు చిన్న గాజు కిటికీ ఉంది, పైనుంచి వచ్చే తనిఖీవాళ్ళ కోసం. దాని అవతల నిలబెట్టింది. లోపలికి వెళ్ళి గొట్టం కరిగించింది, చుక్క తీసింది, రంగు కలిపింది. గుడ్డును గాజు దగ్గరికి తెచ్చి, ఆయనకు కనబడేలా ఎత్తిపట్టి, తిప్పింది. మూడు నిమిషాలు ఆ చెయ్యి అలాగే ఎత్తి ఉంచింది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. మెడలో టేపు రెండు కొసలూ పిడికిళ్ళలో బిగించి పట్టుకున్నాడు. గాజు అవతలికి మోత వినబడదని, మోగినప్పుడు ఆమె తల ఊపింది.

కన్ను పెట్టింది. తెలుపు, తెలుపు, తెలుపు, నీలం, తెలుపు. రెండుసార్లు లెక్కపెట్టింది. కాగితం మీద పెద్దగా ఎనభై ఎనిమిది అని రాసి గాజుకు ఆనించింది.

టైలరు చదివాడు. టేపు వదిలేసి, అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఏదో అన్నాడు. పెదవులు కదలడం కనబడింది గానీ మాట ఇవతలికి రాలేదు. చివర 'అమ్మా' ఉందో లేదో నీలమ్మకు తెలియలేదు. ఆమె ఫారం తీసి, గడియారం చూసి, ఉన్న టైమే రాసింది.